కారు ఇంజిన్ వేడెక్కుతోందా? ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది

మండుటెండలో ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగిన కారులో ఉష్ణోగ్రత ముల్లు ఎరుపు గీత వైపు జరగడం, బానెట్ అంచుల నుంచి ఆవిరి రావడం ఎవరినైనా కంగారు పెడుతుంది. ఆ కంగారులో చేసే రెండు పనులు అసలు లోపం కంటే ఎక్కువ నష్టం కలిగిస్తాయి. ‘ఇల్లు ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అనుకొని బండిని అలాగే నడపడం మొదటిది. దిగగానే రేడియేటర్ మూత తిప్పడం రెండోది. మొదటి దానివల్ల ఇంజిన్ పాడవుతుంది. రెండో దానివల్ల ముఖం, చేతులు కాలుతాయి.

మూత ఎందుకంత ప్రమాదకరం? ఇంజిన్ చుట్టూ తిరిగే కూలెంట్ సాధారణంగా 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అది మరిగిపోకుండా రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. వాతావరణ పీడనానికి మరో అంత ఒత్తిడి తోడైతే మామూలు నీరు కూడా 120 డిగ్రీల దాకా మరగదు. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోతుంది. అప్పటిదాకా ద్రవంగా ఉన్నది ఒక్కసారిగా ఆవిరై పైకి చిమ్ముతుంది. అందువల్ల ఇంజిన్ ఆపి, కనీసం గంటసేపు ఆగాలి. రేడియేటర్ పై గొట్టాన్ని మందపాటి గుడ్డతో నొక్కినప్పుడు మెత్తగా లోపలికి పోతేనే మూత జోలికి వెళ్లాలి. వేడి ఇంజిన్‌పై చల్లటి నీళ్లు కుమ్మరించరాదు. లోహం పగలవచ్చు.

ముల్లు మెల్లగా పెరుగుతున్న దశలోనే గమనిస్తే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తిగా తెరవడం కొంత మేలు చేస్తుంది. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. అయితే ఎర్ర దీపం వెలిగినా, ఆవిరి కనిపించినా ఈ ఉపాయాలు పనికిరావు. బండిని పక్కకు ఆపాల్సిందే. ఇటీవలి చాలా చిన్న కార్లలో ముల్లు ఉండదు, దీపం మాత్రమే ఉంటుంది. అది ఎర్రబడేసరికే ఆలస్యమైనట్టు లెక్క. మరో సంగతి కూడా చాలామందికి తెలియదు. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ గాలిలో మిగిలిపోయి, ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు కిందనే ఉండవచ్చు.

నిలబడితేనా, నడిస్తేనా?

లోపాన్ని వెతికే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ట్రాఫిక్‌లో వేడెక్కి, రహదారి ఎక్కగానే చల్లబడుతోందా? అయితే అనుమానం ఫ్యాన్ మీదకు పోతుంది. వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. అలా కాక రహదారి వేగంలో, తిరుమల లేదా శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు వేడెక్కుతోందంటే గాలి సరిపోతున్నా కూలెంట్ సరిగా తిరగడం లేదని అర్థం. అప్పుడు కూలెంట్ మట్టం, మూసుకుపోయిన రేడియేటర్, థర్మోస్టాట్, వాటర్ పంపు వరుసగా చూడాలి.

ఎండ కూడా తన వంతు పాత్ర పోషిస్తుంది. రేడియేటర్ వదిలే వేడి, కూలెంట్‌కూ బయటి గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. గాలి 30 డిగ్రీలున్నప్పుడు ఆ తేడా 60 డిగ్రీలు. రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీల ఎండ కాసే రోజున అది 45కు తగ్గుతుంది. అంటే దాదాపు పావు వంతు సామర్థ్యం పోయినట్టే. శీతకాలంలో బయటపడని లోపం మే నెలలో బయటపడటానికి ఇదే కారణం.

ఫ్యాన్ పరీక్ష తేలిక. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేస్తే చాలా కార్లలో ఫ్యాన్ కొద్దిసేపట్లోనే తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు చూడాలి. తరువాత అదే పెట్టెలో ఉన్న అదే నంబరు రిలేను మార్చి చూడవచ్చు. రెండూ బాగుంటే మోటారు పోయినట్టు. ఏసీ వేస్తే తిరిగి, ఇంజిన్ వేడెక్కినప్పుడు మాత్రం తిరగకపోతే సెన్సర్ వైపు చూడాలి. కాలిన ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టే అలవాటు ఇప్పటికీ ఉంది. తీగ కాలదు, వైరింగ్ కాలుతుంది. ఇంజిన్ ఆపినా కొన్ని కార్లలో ఫ్యాన్ తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది కనుక, దాని దగ్గర చేతులు పెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీయడం మంచిది.

బోరు నీటితో వచ్చే చిక్కు

మన ప్రాంతంలో రేడియేటర్లు మూసుకుపోవడానికి పెద్ద కారణం బోరు నీళ్లు. తెలుగు రాష్ట్రాల్లో అనేక చోట్ల భూగర్భ జలం కఠినమైనది. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ, ఇంజిన్ లోపలి గోడలపైనా పేరుకుంటుంది. ఆ పొర వేడిని బయటకు పోనివ్వదు. కూలెంట్‌లో ఉండే తుప్పు నిరోధకాలు మామూలు నీటిలో ఉండవు. అత్యవసరంలో దొరికిన నీళ్లు పోయక తప్పదు. కానీ ఇంటికి చేరాక వాటిని తీసేసి, తయారీదారు చెప్పిన కూలెంట్‌నే డిస్టిల్డ్ వాటర్‌తో చెప్పిన పాళ్లలో కలిపి నింపాలి. ఆకుపచ్చ, ఎరుపు అని రంగు చూసి కొనడం పొరపాటు. రంగు ఒకటే అయినా రసాయనం వేరు కావచ్చు.

బయట ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య దుమ్ము, పురుగులు, పత్తి పీచు చేరుతాయి. చల్లారిన తరువాత మెల్లటి నీటి ధారతో కడిగితే చాలు. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే పలుచటి రేకులు వంగిపోతాయి.

కారడాన్ని పట్టుకోవడానికి రాత్రి బండి కింద ఒక అట్ట పరచాలి. రంగు లేని నీటి చుక్కలైతే అవి ఏసీవి, భయం లేదు. రంగుతో, జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్. పంపు కప్పీ కింద తడి ఉంటే పంపు సీలు పోయింది. గొట్టాల క్లిప్పులు, పాత గొట్టాలు, రేడియేటర్ మూత ఇంట్లోనే మార్చుకోవచ్చు. పంపును టైమింగ్ బెల్టు తిప్పే ఇంజిన్లలో మాత్రం ఆ పని మెకానిక్‌కే వదలాలి.

థర్మోస్టాట్‌ను బయటకు తీసి గిన్నెలో నీళ్లు పోసి వేడి చేస్తే, దానిపై ముద్రించిన ఉష్ణోగ్రత దగ్గర తెరుచుకోవడం కంటికి కనిపిస్తుంది. తెరుచుకోకపోతే కొత్తది వేయాలి. ‘మన ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదు, తీసేయండి’ అనే సలహా వర్క్‌షాపుల్లో తరచూ వినిపిస్తుంది. దీనిని పాటించరాదు. అది లేని ఇంజిన్ చల్లగానే నడిచి, ఇంధనం ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది.

ఇంట్లో పని ఆపాల్సిన చోటు

బయట ఎక్కడా కారడం లేదు, అయినా కూలెంట్ తగ్గుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా పొగగొట్టం నుంచి తెల్లటి పొగ ఆగడం లేదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషానికే గొట్టాలు గట్టిపడుతున్నాయి, కూలెంట్ డబ్బాలో బుడగలు వస్తున్నాయి. డిప్‌స్టిక్‌పై ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంది. ఇవి హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిన్న గుర్తులు. ఆయిల్ మూత కింద కొద్దిపాటి తెల్లటి నురగ ఒక్కటే కనిపిస్తే మాత్రం తొందరపడనక్కర్లేదు, రోజూ తక్కువ దూరం తిరిగే బండ్లలో తేమ వల్ల కూడా అది వస్తుంది. మిగతా గుర్తులు ఉంటే బండిని నడపకుండా లాగించుకొని తీసుకెళ్లాలి. వంగిన అల్యూమినియం హెడ్‌కు ఫేసింగ్ చేయించాలి. అది ఇంటి పని కాదు. లీకులు మూసే ద్రవాలు పోస్తే అవి రేడియేటర్‌నూ, హీటర్‌నూ మూసేసే ప్రమాదం ఉంది.

తీసిన పాత కూలెంట్‌ను కాలువలో పోయరాదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, పిల్లలు తాగే ప్రమాదమూ ఉంది. కొద్దిపాటిదైనా ప్రాణాంతకం. కొత్తది నింపేటప్పుడు మూత తెరిచే ఉంచి, ఇంజిన్ నడుపుతూ బుడగలు ఆగేదాకా మెల్లగా పోయాలి. లోపల గాలి మిగిలితే మళ్లీ వేడెక్కుతుంది. కొన్ని ఇంజిన్లలో ఆ గాలి తీయడానికి ప్రత్యేకంగా స్క్రూ ఉంటుంది. మర్నాడు ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూసి, తగ్గినంత కలపాలి. వారం తరువాత కూడా తగ్గుతూనే ఉంటే కారేచోటు ఇంకా దొరకలేదని అర్థం.