ఇరుగుపొరుగు వారసత్వము

1897వ సంవత్సరమున రక్తగ్రహణి వ్యాధి జపాను దేశమున వ్యాపించి 90,000 మందికి పైగా పీడించుచుండగా, కియోషి షిగా అను యువవైద్యుడు రోగుల మలమునుండి తన్మూలమైన సూక్ష్మజీవిని వేరుపరచెను. షిగెల్లా యను నామము దానికి ఆయన వలననే కలిగినది. క్రిమి తెలిసినను దానిని నిర్జించు మందు జనసామాన్యమునకు దొరకుటకు నలుబది యేండ్లకు పైగా పట్టెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము సల్ఫా మందులు ఆ దేశమున విరివిగా వాడుకకు వచ్చి, మొదట నమోఘములై, కొలది కాలములోనే నిష్ఫలములు కాజొచ్చెను. అంతట వైద్యులు స్ట్రెప్టోమైసిను, క్లోరాంఫెనికాలు, టెట్రాసైక్లిను అను నూతనౌషధముల నాశ్రయించిరి. వీనిలో టెట్రాసైక్లిను కుటుంబమునకు ఆద్యమైన ఆరియోమైసిను, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధ్యక్షులుగా నుండిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు, బెంజమిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుని కృషిచే వెలువడి 1948లో లోకమునకు తెలియవచ్చెను.

1955లో హాంగ్‌కాంగు నుండి మరలివచ్చిన ఒక జపాను స్త్రీయందు, సల్ఫాతో కూడ ఈ నాలుగింటికిని లొంగని షిగెల్లా కనబడెను. నిరోధకశక్తి యనునది యాదృచ్ఛికముగా నొక జన్యువున కలుగు మార్పువలన పుట్టి, తల్లికణమునుండి పిల్లకణములకు సంక్రమించునని నాటి శాస్త్రజ్ఞుల నమ్మకము. అట్టి మార్పు కోట్ల కణములలో నే యొక్కదానికో సంభవించును. నాలుగు మార్పులు ఏకకాలమున ఒకే కణమున సంభవించుట అసంభవప్రాయము. అయినను, ఒకే ఔషధమును పుచ్చుకొన్న రోగులయందు సైతము నాలుగింటిని ధిక్కరించు క్రిములు పొడసూపుచుండెను. అంతియ గాక, అట్టి రోగుల ప్రేవులలో నివసించు ఇ. కోలై క్రిములును అవే ఔషధములకు లొంగకుండెను.

ఈ సాదృశ్యమే శోధకులకు మార్గమును చూపెను. 1959లో టోమోయిచిరో అకిబా, కునితారో ఒచియాయి అను వారి బృందములు వేరువేరుగా, నిరోధకశక్తిగల కోలై క్రిములను, ఔషధములకు లొంగు షిగెల్లాను ఒకే ద్రవమున కలిపి పెంచి చూడగా, షిగెల్లాకు నాలుగు శక్తులును ఒక్కమారుగా సంక్రమించినవి. కణములను వడకట్టి తీసిన ద్రవమును మాత్రమే చేర్చినపుడు ఏమియు జరుగకుండుటచే, కణమును కణము తాకుటయే ఈ సంక్రమణమునకు ద్వారమని తేలెను. ప్రధాన క్రోమోజోముతో సంబంధము లేక విడిగా నుండు డి.ఎన్.ఏ. వలయమొకటి ఈ జన్యువులను మోసికొని పోవుచున్నదని తరువాతి పరిశోధనలు నిరూపించినవి. దానినే నేడు ప్లాస్మిడ్ అనుచున్నాము.

ఈ ఫలితములు తొలుదొల్త జపాను భాషలోనే వెలువడుటచే పాశ్చాత్యుల దృష్టికి వెంటనే రాలేదు. లండనులో నయోమి దత్తా 1962లో సాల్మొనెల్లా క్రిములయందు ఇట్టి సంక్రమణమునే ప్రకటించెను; మరుసటి యేట కెయో విశ్వవిద్యాలయమునకు చెందిన ట్సుటోము వతనాబే ఇంగ్లీషున వ్రాసిన సమీక్షావ్యాసముచే విషయము సర్వత్ర ప్రసిద్ధమయ్యెను.

వంశపరంపరగా మాత్రమే వచ్చునని తలచిన గుణము ఇరుగుపొరుగు కణమునుండియు, అన్యజాతి కణమునుండియు రాగలదని తెలియుట జన్యుశాస్త్రమునకు లాభమే. వైద్యమునకు మాత్రము అది హెచ్చరిక. నాలుగు జన్యువులు ఒకే వలయమున గూడి పయనించుటచే, ఒక్క ఔషధమును అనవసరముగా వాడినను తక్కిన మూడింటిపై నిరోధకత కూడ దానితోపాటు నిలిచి వృద్ధినొందును. కావున ఔషధముల వాడుకయందు మితము పాటించువారు ఏ మందునకు ఆ మందుగా లెక్కించుకొనిన చాలదు. ఒకదాని దుర్వినియోగమునకు మూల్యము నన్నింటితోను చెల్లింపవలసి యుండును.