తొమ్మిది వోల్టుల చరిత్ర

అటకలు దింపిన రోజున ఇంటి చరిత్రంతా హాల్లోకి వచ్చి కూర్చుంటుంది. ఈ గంగాళం ఎవరి పెళ్లిలోది, ఆ ఊయల గొలుసులు ఎవరి పురిటికి తెచ్చారు... ఒక్కొక్క వస్తువుకీ ఒక్కొక్క పురాణం!

పంజాగుట్టలో మా పిన్ని ఉంటున్న పాత ఇంటిని బిల్డరుకి ఇచ్చేశారు. సామాను సర్దడానికి సాయం వెళ్లాను. పాత వాయిల్ చీరలో చుట్టిన నల్లటి పెట్టె ఒకటి బయటపడింది. పెట్టె అంటే పెట్టె కాదు, మనం అక్షరాభ్యాసానికి వాడే పలకంత ఉంటుంది. దానిమీద బూడిదరంగు రబ్బరు మీటలు, ఓ మూల ఇంద్రధనుస్సు చారలు. పక్కనే ఇటుకముక్కలా బరువైన నల్ల డబ్బా, దానికో తీగ.

పాత సామాన్లవాడు దాన్ని అప్పుడే తన తక్కెడ వైపు జరుపుకున్నాడు.

"అది ఇవ్వకే! మీ బాబాయి కంప్యూటరు" అంది పిన్ని. మళ్లీ తనే కాసేపాగి, "అయినా కొత్తింట్లో అటక కూడా ఉండదుట. పనిచేస్తుందేమో చూపించు. చెయ్యకపోతే ఇచ్చేద్దాంలే" అంది.

బాబాయి పోయి ఏడేళ్లయింది. పిన్ని ఆ మాట ఎంత తేలిగ్గా అందో, అంత బరువుగా నా చేతిలో పడిందా పెట్టె!

అది సింక్లెయిర్ స్పెక్ట్రమ్. 1985లో బాబాయి మస్కట్ నుంచి వస్తూ తెచ్చాడు. అప్పుడు నాకు అయిదేళ్లు. సర్ క్లైవ్ సింక్లెయిర్ అనే ఆంగ్లేయుడు 1980లో వంద పౌండ్ల లోపు ధరకి కంప్యూటరు అమ్మి బ్రిటన్ని ఆశ్చర్యపరిచాడు. విడిభాగాలుగా కొనుక్కుని ఎవరికి వారే అతుక్కుంటే ఎనభై పౌండ్లే! ఆ తరవాత 1982 ఏప్రిల్లో వచ్చింది ఈ స్పెక్ట్రమ్. దీని జ్ఞాపకశక్తి పెద్ద రకంలో 48 కిలోబైట్లు. పొద్దున్నే మనకి ఫోన్లో వచ్చే 'శుభోదయం' గులాబీ బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదనుకోండి!

హైదరాబాదుకి కంప్యూటరు అంతకుముందు తెలియదనుకునేరు. 1967లో ఇక్కడ వెలసిన ఈసీఐఎల్ సంస్థ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటరు తయారుచేసింది. కానీ అది ఆఫీసు కంప్యూటరు, దొరగారి లాంటిది. ఇంట్లోకొచ్చి మంచం మీద కూర్చునేది కాదు. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పథకం కింద సుమారు 250 బడులకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. అలా బళ్లోకి వచ్చింది. ఇంటికి మాత్రం దానికో సొంత దారి ఉండేది. విదేశాల నుంచి వచ్చే నాన్నల పెట్టెల్లో, చాక్లెట్లకీ సెంటు సీసాలకీ మధ్య దాక్కుని వచ్చేది. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల, తనకి పదిహేనో ఏట నాన్నగారు బ్యాంకాక్ నుంచి సింక్లెయిర్ కంప్యూటరు కిట్టు తెచ్చి ఇచ్చారని 2017లో వెలువడిన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో రాసుకున్నారు. ఆ నాన్నగారు ఐఏఎస్ అధికారి యుగంధర్ గారు. ఆ కుర్రాడు 2014లో మైక్రోసాఫ్ట్‌కి అధిపతి అయ్యాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మా ఇంటి పెట్టె మమ్మల్నెవర్నీ అధిపతుల్ని చెయ్యలేదు. నేనైతే బీయే చదివి నవలల్లో పడ్డాను!

ఎవరూ రాయని సంగతి ఒకటుంది. ఆ కంప్యూటరుకి సొంత తెర లేదు, టీవీకి తగిలించాలి. టీవీ ఎప్పుడు ఖాళీగా ఉంటుందో చెప్పవలసింది ఇల్లాలు. 1987లో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున్న ఆ యంత్రం గడప దాటి హాల్లోకి రావడానికే వీల్లేదు. దానికి స్విచ్చి కూడా లేదు. ప్లగ్గు పెడితే బతికింది, పీకితే పోయింది. టైపు చేసిందంతా క్యాసెట్ టేపు మీదికి ఎక్కించేలోగా కరెంటు పోయిందా, రెండు గంటల శ్రమ గంగలో కలిసినట్టే! ఆ రోజుల్లో కరెంటు ఎన్నిసార్లు పోయేదో మీకు వేరే చెప్పాలా? బాబాయి పుస్తకం చూసి టైపు చేయబోతే వరసలు తప్పేవి. అందుకని పిన్ని పక్కన కూర్చుని, ఒళ్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, ఒక్కొక్క వాక్యం చదివి పెట్టేది. మధ్యమధ్య ఫ్యాను వంక చూసేది. ఫ్యాను నెమ్మదించిందంటే ఇద్దరూ ఒక్కసారే "అయ్యో!" అనేవాళ్లు. ఆ "అయ్యో" నాకు ఇప్పటికీ వినబడుతుంది.

సరే, పెట్టె పట్టుకుని అమీర్‌పేట బయల్దేరాను. పంజాగుట్టలో మెట్రో ఎక్కితే అయిదు నిమిషాల పని. 2018లో ఈ దారిలో మెట్రో వచ్చాక రెండు పేటలూ ఒకే వీధయిపోయాయి. మైత్రీవనం చుట్టూ ఒకప్పుడు గోడ కనబడనంత దట్టంగా జావా, ఒరాకిల్ బోర్డులుండేవి. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు హాస్టల్లో ముద్ద తిని, ఇక్కడ కోర్సు చదివి అమెరికా విమానం ఎక్కేవాళ్లు. కరోనా తరవాత పాఠాలు చాలా మటుకు ఆన్‌లైన్లోకి వెళ్లిపోయాయి. సత్యం థియేటరు ఉన్నచోట 2023లో కొత్త సినిమాహాళ్లు లేచాయి. కంప్యూటరు మీద ఇంత బతికిన పేటలో, నా కంప్యూటరుని చూసి గుర్తుపట్టినవాడు లేడు. "ఇది బొమ్మా, మేడమ్?" అన్నాడొక కుర్రాడు.

పోనీ అని ఒక దుకాణంలో తొమ్మిది వోల్టుల కొత్త అడాప్టరు కొన్నాను. పాత డబ్బా మీద అదే రాసుంది కదా! పిన్ను కూడా చక్కగా పట్టింది. తీగ గోడకి పెట్టడమే తరువాయి. ఎందుకో మనసొప్పక, సందు చివర టీవీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన కళ్లజోడు పైకి నెట్టి, మీటరు పెట్టి చూసి, "పెట్టలేదు గదా అమ్మా? మంచి పని చేసిన్రు. ఇది ఉల్టా ఉంది. పెడితే లోపల భాగాలు పోతుండె" అన్నాడు.

నాకు కాళ్లు చల్లబడ్డాయి. సంగతేమిటంటే, ఈనాటి అడాప్టర్లలో చాలావాటికి పిన్ను నడిమధ్యన ప్లస్సు, చుట్టూ మైనస్సు. సింక్లెయిర్‌ది సరిగ్గా తిరగేసి ఉంటుంది. పిన్ను అంతా ఒకటే, లోపలి మర్యాద వేరు!

"మరి పాతదే బాగుచేయరాదూ?" అన్నాను.

ఆయన ఆ ఇటుక విప్పి చూపించాడు. లోపల గోడ కరెంటుని తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు, కరెంటుని ఒకేవైపు పంపే డయోడ్లు, ఒక లావుపాటి కెపాసిటరు. మన నల్లా నీళ్లు ఆగి ఆగి వస్తాయి, మిద్దెమీద ట్యాంకు నింపుకుంటే కుళాయిలో ధార సమంగా పడుతుంది చూడండి, కెపాసిటరు చేసేది అదే పని. ఏళ్లు గడిచేసరికి అందులోని ద్రవం ఎండిపోతుంది. అప్పుడు ధార తెగుతుంది, తెరమీద బొమ్మ అలలు పోతుంది. ఆనాటి బీబీసీ మైక్రోలదీ ఇలాంటి కథే. వాటి కరెంటు డబ్బాలో ఒక రకం కెపాసిటరు పైపొర వయసు మీరి బీటలు వారుతుంది. ఏళ్ల తరవాత ముచ్చటపడి ప్లగ్గు పెడితే గదంతా కంపు కొట్టే పొగ! కంప్యూటరు బుర్ర బాగానే ఉంటుంది, అన్నం పెట్టే చెయ్యే ముందు అలిసిపోతుంది. ఇళ్లల్లో జరిగేదీ అదేగా!

"పాతది దాచుకోండి, వాడొద్దు" అన్నాడాయన. కొత్త అడాప్టరు రెండు ఆంపియర్లది. పాతది 1.4 ఇచ్చేది, కనక సరిపోతుంది. దాని తీగ కోసి, లోపలి రెండు పోగుల్నీ తారుమారు చేసి, టంకం వేసి, గొట్టం తొడిగాడు. మీటరు పెట్టి చూస్తే తొమ్మిది అంకె ముందు మైనస్సు గుర్తు. "ఇప్పుడు సీదా" అన్నాడు. తరవాత కంప్యూటరు విప్పి, తొమ్మిది వోల్టుల్ని అయిదుకి దించే చిన్న భాగాన్ని కూడా పరీక్షించాడు. మిగిలిన వోల్టులన్నీ వేడిగా పోవడానికే దానికో లోహపు రేకు. చలికాలంలో బాబాయి దానిమీద అరచేతులు కాచుకునేది అందుకేనన్నమాట!

మర్నాడు పిన్నిని ఆటోలో తీసుకెళ్లాను. పెద్దాయన కొట్లోని పాత డబ్బా టీవీకి తగిలించి ప్లగ్గు పెట్టాడు. తెర నల్లబడింది, తెల్లబడింది. అడుగున ఒక్క వరస... 1982, సింక్లెయిర్ రీసెర్చ్ లిమిటెడ్.

ఎవరం మాట్లాడలేదు. పిన్ని స్టూలు దగ్గరికి జరుపుకుంది. ఈ యంత్రంలో 'పి' మీట నొక్కితే 'ప్రింట్' అనే మాట మొత్తం దానంతటదే పడుతుంది. మీటలు చదవడానికి కళ్లజోడు తీయబోయాను. అవసరం లేకపోయింది, పిన్ని వేలు తిన్నగా 'పి' మీదికే వెళ్లింది. చదివి పెట్టే మనిషికి ఇన్నాళ్లూ వేళ్లలో కూడా జ్ఞాపకం ఉందన్నమాట! రెండే రెండు వాక్యాలు కొట్టింది. ఒకటి బాబాయి పేరు రాయమని, రెండోది మళ్లీ మొదటికి వెళ్లమని.

మా పిన్ని జన్మలో మొగుడి పేరు పలకలేదు. రేషన్ కార్డు దగ్గర అడిగినా మావైపు చూసేది. ఆ పేరు ఇప్పుడు ఒకదానికింద ఒకటి తెరనిండా నిండిపోయింది. చోటు చాలక, 'ఇంకా జరపమంటారా?' అని యంత్రం అడిగింది.

పిన్ని మీటమీద వేలు ఆనించి, తలెత్తి కొట్లో ఫ్యాను వంక చూసింది.

"ఇప్పుడు కరెంటు పోదు కదుటే?" అంది.