కొడవలి కణం కథ

కొడవలి అనగానే మనకు వరికోతలు గుర్తుకు వస్తాయి. కానీ మన్యంలోని కొన్ని కుటుంబాలకు ఆ మాట వేరొక బాధను గుర్తు చేస్తుంది. ఆ వ్యాధి చరిత్ర ఈ మధ్య కాస్త శ్రద్ధగా చదివాను. నాకు అర్థమైనంత మేరకు మీతో పంచుకుంటాను.

1904 డిసెంబరులో, షికాగోలో దంతవైద్యం చదువుతున్న వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే ఇరవయ్యేళ్ళ యువకుడు ఆస్పత్రిలో చేరాడు. అతడిది కరీబియన్ దీవి గ్రెనాడా. అతడి రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూసిన ఎర్నెస్ట్ ఐరన్స్ అనే యువ వైద్యుడికి గుండ్రంగా ఉండవలసిన ఎర్రకణాల మధ్య కొడవళ్ళ వంటి వంకర కణాలు కనిపించాయి. ఐరన్స్ పైవైద్యుడు జేమ్స్ హెరిక్ 1910లో ఈ సంగతిని ప్రకటించాడు. నోయెల్ చదువు ముగించుకుని స్వదేశం వెళ్ళి వృత్తి చేసుకుంటూ, 1916లో న్యుమోనియాతో మరణించాడు.

కణం ఎందుకు వంగుతుందన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. 1949లో కాల్‌టెక్‌లో లైనస్ పౌలింగ్, హార్వీ ఇటానో, వారి సహచరులు దోషం హీమోగ్లోబిన్ అణువులోనే ఉన్నదని చూపారు. ఒక వ్యాధికి మూలం ఒక అణువులో ఉండవచ్చునని లోకానికి తెలిసింది అప్పుడే. ఈ ఇటానో జపాను సంతతి అమెరికన్. 1942లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ప్రథముడిగా నిలిచినా, యుద్ధకాలపు నిర్బంధం వల్ల పట్టప్రదానోత్సవానికి వెళ్ళలేకపోయాడు.

తరువాత కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ 1956-57లలో ఆ దోషం ఎంత చిన్నదో తేల్చాడు. బీటా గొలుసులోని 146 అమైనో ఆమ్లాలలో ఆరవది మాత్రమే మారింది. గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ వచ్చి కూర్చుంది. ఆ ఒక్క మార్పు వల్ల, ప్రాణవాయువును విడిచిపెట్టగానే హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని కడ్డీలుగా మారతాయి. కణం వంగి, సన్నని రక్తనాళాలలో చిక్కుకుంటుంది. భరింపరాని నొప్పికి కారణం అదే.

మరి ఇంత హాని చేసే జన్యువు తరతరాలుగా ఎందుకు నిలిచింది? 1954లో ఆంథనీ ఆలిసన్ దానికి జవాబు చెప్పాడు. తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే ఈ జన్యువు సంక్రమించినవారికి మలేరియా నుండి కొంత రక్షణ దొరుకుతుంది. ఇద్దరి నుండీ వస్తేనే వ్యాధి. మన దేశంలో 1952లో నీలగిరి గిరిజనులలో దీనిని గుర్తించారు. ఆంధ్ర, తెలంగాణల ఏజెన్సీ ప్రాంతాలలోనూ ఇది ఉంది.

చికిత్సకు దారి చూపింది శిశువులే. నవజాతులలో వ్యాధి లక్షణాలు కనిపించకపోవడానికి గర్భస్థ శిశువుల హీమోగ్లోబినే కారణమని 1948లో బ్రూక్లిన్ వైద్యురాలు జానెట్ వాట్సన్ ఊహించింది. పుట్టిన తరువాత ఆ హీమోగ్లోబిన్ తయారీని అణచివేసే జన్యువును హార్వర్డ్ పరిశోధకులు 2008లో పట్టుకున్నారు. దాని అదుపుమీటను క్రిస్పర్ కత్తెరతో కత్తిరించే చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి.

సంతోషించవలసిన విషయమే. కానీ అమెరికాలో ఆ చికిత్సకు ప్రకటించిన ధర 22 లక్షల డాలర్లు! పైగా దానికి ముందు ఎముకమజ్జను ఖాళీ చేసే తీవ్రమైన మందులు వాడాలి. ఏజెన్సీ గూడెంలో నొప్పితో మెలికలు తిరుగుతున్న పిల్లవాడికి అది ఎప్పటికి చేరుతుంది?

అలాగని చేతులు ముడుచుకోనవసరం లేదు. హైడ్రాక్సీయూరియా అనే పాత, చవకైన మాత్ర కూడా ఆ శైశవపు హీమోగ్లోబిన్‌నే పెంచుతుంది. అది నొప్పులను తగ్గిస్తుందని 1995లోనే రుజువైంది. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని భారత ప్రభుత్వం 2023 జూలైలో ఒక జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. సకాలంలో రక్తపరీక్ష, క్రమం తప్పని మాత్ర — ఈ రెండూ గూడెం దాకా నడిచి వెళితే, కత్తెర వచ్చేలోగా ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

అణువును అర్థం చేసుకోవడానికి విజ్ఞానానికి నలభై ఏళ్ళు పట్టింది. అక్కడి నుండి మన కొండదారి ఎక్కడానికి ఇంకెన్నేళ్ళు పట్టాలన్నది మాత్రం ప్రయోగశాల తేల్చవలసిన లెక్క కాదు.