ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు: పంటలు, పశువులు

ఖమ్మం మైదానం దాటాక కొత్తగూడెం, దమ్మపేట, అశ్వారావుపేట, బూర్గంపాడు మీదుగా గోదావరి అవతల భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల దాకా అడవీ చేనూ కలగలిసి ఉండే ప్రాంతం ఇది. సాగు తీరును బట్టి దీన్ని ఒకే భూభాగంగా చూడవచ్చు గానీ, పాలనా హద్దులు మాత్రం ఎన్నడూ కుదురుగా లేవు. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్ నుంచి విడివడింది. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో తూర్పు గోదావరి నుంచి వచ్చి దానిలో కలిశాయి. పోలవరం ముంపు కారణంగా 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. అందుచేత ఒక దశాబ్దపు జిల్లా లెక్కల్ని మరో దశాబ్దపు లెక్కలతో పోల్చి పంటలు పెరిగాయనో తగ్గాయనో తేల్చడం ఇక్కడ ప్రమాదకరం. ఎకరాల పట్టికలను నమ్ముకోవడం కంటే, ఏ పంట ఏ పశువును పోషిస్తోంది, ఏ పశువు ఏ పంటకు ఆసరా అవుతోంది అని చూస్తేనే ఈ ప్రాంతపు వ్యవసాయం అర్థమవుతుంది.

విస్తీర్ణం ప్రకారం మెట్టచేలల్లో పెద్ద పంట పత్తి. ఎర్రచెలకల్లోనూ పోడు భూముల్లోనూ వానాధారంగా దాన్నే వేస్తారు. తాలిపేరు, పెద్దవాగు, కిన్నెరసాని నీళ్లు అందే చోట్ల, చెరువుల కింద వరి ఉంటుంది. గోదావరి ఒడ్డు రేగళ్లలో మిర్చి. అందులో చాలా భాగం కౌలు సాగే. కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు, కాయ ఖమ్మం మార్కెట్ యార్డుకు వెళుతుంది. మొక్కజొన్న, కంది, పెసర అక్కడక్కడా కనిపిస్తాయి. అశ్వారావుపేట, దమ్మపేట వైపు ఆయిల్‌పామ్, మామిడి, జీడిమామిడి, కొబ్బరి తోటలు. సారపాక కాగితపు మిల్లు చుట్టుపక్కల జామాయిల్, సుబాబుల్. పశువుల్లో నాటు ఆవులు, ఎద్దులు, గేదెలు, మేకలు, నాటుకోళ్లు ముఖ్యమైనవి. సాధారణంగా జిల్లా వివరణలు ఇక్కడితో ఆగిపోతాయి. పంటలకో అధ్యాయం, పశువులకో అధ్యాయం, అడవికి ఇంకొకటి. రైతు ఇంట్లో ఈ మూడూ విడిగా ఉండవు కాబట్టి ఆ విభజన అసలు విషయాన్ని దాచేస్తుంది.

పాత పద్ధతిని చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. పాపికొండల్లోని కొండరెడ్లపై మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గ్రంథం 1945లో వెలువడింది. ఆయన పరిశీలించిన పోడులో నాగలి లేదు. చెట్లు కొట్టి, కాల్చి, బూడిదలో కర్రతో గుంటలు పొడిచి జొన్న, సామ, కంది వంటివి కలిపి వేసేవారు. రెండు మూడేళ్లకు ఆ చోటు వదిలేస్తే మళ్లీ పొద పెరిగేది. నేలకు సారం ఇచ్చింది ఆ విరామమే. పల్లపు ఊళ్లలోని కోయలు నాగలి సాగుకు వచ్చాక నేలను విడిచిపెట్టే అవకాశం తగ్గింది. ఆ విరామం చేసే పనిలో కొంత పశువుల పేడ చేయసాగింది. జొన్న గింజ మనిషికి, చొప్ప ఎద్దుకు, ఎద్దు పేడ చేనుకు. మంద అడవిలో మేసి సాయంత్రానికి ఊరు చేరేది. అంటే అడవి ఆకు అలములోని సారం పేడ రూపంలో చేలకు చేరేది. పాత తరం కోయ ఇళ్లలో ఆవుపాలు పిండే ఆనవాయితీ లేదు, పాలు దూడవని వారి లెక్క. కాబట్టి ఆ ఆవును పాడి పశువుగా కొలిస్తే దండగ పశువులాగే కనిపిస్తుంది. దాని ఉత్పత్తి ఎద్దు, పేడ.

పత్తి ఈ చక్రాన్ని విచిత్రంగా తెంపింది. పత్తికి అరక కావాలి. సాళ్ల మధ్య గుంటక తోలకపోతే వానాకాలపు కలుపు చేనును మింగేస్తుంది. కానీ ఆ ఎద్దులకు పత్తి మేత పెట్టదు. ఏరివేత అయ్యాక మిగిలిన చేలో మేకలు నాలుగు రోజులు ఆకు తింటాయి, కట్టె పొయ్యిలోకి పోతుంది. గింజ నుంచి వచ్చే చెక్క మైదానంలోని పాడి గేదెల దాణా అవుతుంది తప్ప అది పండిన ఊరికి తిరిగి రావడం అరుదు. జొన్న పోయిన చోట చొప్ప పోయింది. వరిని యంత్రంతో కోస్తున్న చోట గడ్డి ముక్కలై చేలోనే చెదిరిపోతోంది. మేత కరువైతే ఎద్దులు సంతకు చేరతాయి. ఎద్దులు పోతే ట్రాక్టరూ, కలుపు మందూ వస్తాయి. పేడ లేకపోతే యూరియా బస్తా పెరుగుతుంది. ఇది ఈ ఒక్క ప్రాంతపు కథే కాదు. దేశం మొత్తం మీద 2012, 2019 పశుగణనల మధ్య ఆవులు సుమారు 18 శాతం పెరగగా, ఎద్దులు, కోడెలు కలిసిన మగ పశుసంపద దాదాపు 30 శాతం తగ్గింది. మైదానంలో ఆ లోటును పాల డబ్బు పూడ్చింది. పాల సేకరణ బండి చేరని అడవి అంచు ఊళ్లలో అలా పూడ్చేది లేదు.

ఖాళీ అయిన చోటును మేక నింపింది. ఆవుకు గడ్డి కావాలి, మేకకు రెమ్మ చాలు. అదే ఏడేళ్లలో దేశంలో మేకలు 10 శాతం పెరిగి 14.88 కోట్లకు చేరాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చింది, 2019 గణనలో రాష్ట్రం గొర్రెల సంఖ్యలో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. కానీ ఏటా 1,000 మిల్లీమీటర్లకు మించి వానపడే ఈ అడవి పట్టున గొర్రె కంటే మేకకే పైచేయి. జూన్‌లో విత్తనాలకు డబ్బు కావలసినప్పుడు అమ్ముడయ్యేది మేకే. కొలుపులకూ, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకూ మేక, కోడి కావాలి, ఆ గిరాకీ ఏ బజారు ధరకూ లొంగదు. మేక మీద వచ్చే డబ్బుకు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికాకు తోడవుతాయి. పంట చేతికి రాని నెలలను దాటించేవి ఇవే. ఇక రోగాల సంగతి: కోళ్లకు కొక్కెర తెగులు, పశువులకు గాలికుంటు, గొంతువాపు. వీటి టీకాలు వాన మొదలయ్యేలోగా అందాలి. మారుమూల గూడేలకు అవి ఆ వేళకు అందకపోతే పశునష్టం తప్పదు.

పంటనూ పశువునూ కలిపి చూడాలన్న ఈ మాటకు బలమైన అభ్యంతరాలు ఉన్నాయి. పత్తి రైతు తెలియక వేసింది కాదు. మొక్కజొన్న వేస్తే అడవిపంది, కోతి మిగల్చవు. జొన్న కంకి మీద పిట్ట వాలుతుంది. పత్తిని, మిర్చిని అవి అంతగా ముట్టవు. అడవి పక్కన ఇదొక్కటే చాలినంత కారణం. పైగా పత్తికి మద్దతు ధర ఉంది, భారత పత్తి సంస్థ తేమ 12 శాతం మించకపోతే కొంటుంది. సామకు, కొర్రకు ఆ ఏర్పాటు ఇక్కడ ఏది? ఈ వాదన నిజమే. అయితే పత్తి ఎంపిక సబబేనని అది చూపుతుంది గానీ, పత్తి ఒక్కదానితోనే నిలదొక్కుకోవచ్చని చూపదు. నగదు పంట ఎంత అనిశ్చితమో మిర్చి రెండుసార్లు చెప్పింది: 2017 ఏప్రిల్‌లో ధర పడిపోయి ఖమ్మం యార్డులో రైతులు తిరగబడ్డారు, 2021–22లో నల్ల తామర పురుగు చేలకు చేలనే తుడిచిపెట్టింది. అలాంటి ఏడాదిలో పూర్తిగా కౌలు మీద నడిచేవాడికీ, నాలుగు మేకలూ కాస్త కందీ ఉన్నవాడికీ తేడా అప్పు పుస్తకంలో తెలుస్తుంది.

మేతే అడవిని పాడు చేస్తోందన్నది రెండో అభ్యంతరం. కొత్తగా చిగురించే మొక్కను మేక కొరుకుతుంది, కాదనలేం. కానీ నరికివేతకు, బొగ్గు గనికి, జలాశయానికి పోయిన విస్తీర్ణంతో పోలిస్తే ఆ తప్పు ఏపాటిది? అదీగాక 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును సముదాయ హక్కుగా గుర్తించింది. 2023లో పోడు పట్టాలిచ్చినప్పుడు చర్చంతా వ్యక్తి పేర వచ్చే ఎకరాల చుట్టూనే తిరిగింది. ఆ పట్టా వారసులకు వస్తుంది, అమ్ముకోవడానికి వీల్లేదు. ఊరుమ్మడి మేతకు హద్దులూ వంతులూ నిర్ణయించే పని మాత్రం వెనకబడింది. అడవికి మేలు చేసేది ఆ నిర్ణయమే. నిషేధం పెడితే మంద రాత్రిపూట వెళుతుంది, అంతే.

ఆయిల్‌పామ్ గురించి తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. అశ్వారావుపేట, అప్పారావుపేటల్లో మిల్లులు ఉన్నాయి, గెల కోసిన రోజే తూకం వేయవచ్చు, కోతి బెడద లేదు. 2021లో కేంద్రం ప్రత్యేక పథకమే తెచ్చింది. అయితే నాలుగో ఏడు దాకా కాపు రాదు. నీళ్లు ఏడాది పొడుగునా కావాలి. బోరూ, డ్రిప్పూ ఉన్నవారికే అది నప్పుతుంది. జామాయిల్ కింద గడ్డి అంతంతమాత్రమే. ఈ రెండు తోటలూ పట్టా ఉన్న రైతుకు లాభమే కావచ్చు, మందకు మాత్రం తోవ మూసుకుపోతుంది. మొదటి మూడేళ్లు సాళ్ల మధ్య బొబ్బర్లు, మేత జొన్న వేయించి, రాయితీని దానికి ముడిపెడితే నష్టం కొంత తగ్గుతుంది.

2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణన తొలిసారిగా సంచార పశుపోషకుల వివరాలు విడిగా సేకరించింది. ఏడాదిలో సగం అడవిలో మేసే ఊరి మందలకూ అలాంటి గడి ఒకటి ఉండాలి. జిల్లా పంటల ప్రణాళికలో గింజ దిగుబడి పక్కనే మేత దిగుబడినీ వ్యవసాయ శాఖ అచ్చువేయాలి.