నివారక నిర్బంధము

చేసిన నేరమునకు గాక, చేయునేమో యను శంకకు ఒక మనుష్యుని విచారణ లేకయే చెరలో నుంచుట నివారక నిర్బంధము. తెలుగు పత్రికలు నేడు వాడుచున్న 'పీడీ యాక్టు' అను పొట్టిపేరు దీనిదే. శిక్షకు ఋజువు మూలమైనట్లు దీనికి భయము మూలము; ఆ భయము సహేతుకమా కాదా యని తేల్చు నధికారము న్యాయస్థానమునకు గలదా యను ప్రశ్న చుట్టునే దీని చరిత్ర యంతయు తిరిగినది.

ఇట్టి నిర్బంధమునకై కుంపిణీవారు వంగదేశమున 1818లో మూడవ రెగ్యులేషనును, మరుసటి యేట చెన్నపురిలో రెండవ రెగ్యులేషనును గావించిరి. దేశీయ సంస్థానాధీశుల కుట్రలకు వెరచిన కాలమున పుట్టిన ఆ వంగదేశ శాసనమే, 1907లో లాలా లజపతి రాయిని మాండలేకు పంపుటకు అక్కరకు వచ్చినది. భయము చచ్చినను దాని శాసనము బ్రదికియే యుండుననుటకు ఇంతకంటె నిదర్శన మేల? మొదటి మహాయుద్ధముతో ముగియవలసిన అధికారములను వదలుకొన మనసొప్పక తెచ్చిన 1919 నాటి రౌలట్ శాసనము జలియన్‌వాలాబాగు నెత్తురులో తడిసి, 1922లో రద్దయినది.

రెండవ మహాయుద్ధమున ఇంగ్లండులోనే, భయము సహేతుకమా యని తేల్చువా రెవరను ప్రశ్న తలయెత్తినది. నిర్బంధించుటకు మంత్రికి 'సహేతుక కారణము' ఉండవలెనని నిబంధన యుండగా, ఉన్నదని మంత్రి యనుకొన్న చాలునని 1941లో ప్రభువుల సభ న్యాయాధిపతులు తీర్పు చెప్పిరి. లార్డ్ ఆట్కిన్ ఒక్కరే విభేదించిరి. 1943లో మన ఫెడరల్ కోర్టున ప్రధాన న్యాయమూర్తి సర్ మారిస్ గ్వయర్ భారత రక్షణ నియమములలో నిర్బంధమునకు సంబంధించిన 26వ దానిని కొట్టివేయగా, ప్రభుత్వము వెంటనే ఆర్డినెన్సుతో ఆ చిల్లు పూడ్చుకొనెను. నాటినుండి నేటివరకు ఈ శాసనములకు ఇరుసు అధికారి 'సంతృప్తి' యను మాటయే. భోజనానంతరమున వాడదగిన ఆ పదము ఒకని స్వేచ్ఛను హరించు పత్రమున కెక్కుట చిత్రము.

దేశవిభజన కల్లోలమును, తెలంగాణ సాయుధ పోరాటమును కన్నులయెదుట నుండగా వ్రాయబడిన రాజ్యాంగము 22వ అధికరణమున ప్రాథమిక హక్కుల నడుమనే ఈ నిర్బంధమునకు చోటిచ్చినది. 1950 ఫిబ్రవరిలో సర్దార్ పటేలు ఏడాదికాలమునకని ప్రవేశపెట్టిన నివారక నిర్బంధ శాసనము పొడిగింపులతో 1969 చివరివరకు సాగెను. మదరాసు రాష్ట్రపు చెరలో నున్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ దీనిని సవాలుచేయగా, చట్టసభ ఏర్పరచిన విధానమేదైనను చాలునని సుప్రీంకోర్టు అధికసంఖ్యాకుల తీర్పున తేల్చినది. ఫజల్ అలీ విభేదించిరి. నిర్బంధ కారణములను న్యాయస్థానమునకు సైతము తెలుపరాదన్న 14వ సెక్షను మాత్రము నిలువలేదు.

భయము పరాకాష్ఠ నందుకొన్నది 1975 జూనులో. అత్యవసర పరిస్థితియు, దాని వెంట 1971 నాటి 'మీసా' (అంతర్గత భద్రతా పరిరక్షణ శాసనము) క్రింద వేలకొలది అరెస్టులును రాగా, తొమ్మిది హైకోర్టులు హెబియస్ కార్పస్ అర్జీలు విచారింపదగినవే యనెను. ఆ తీర్పులపై సుప్రీంకోర్టున వాదము జరుగునపుడు, పోలీసు అధికారి వ్యక్తిద్వేషముతో ఒకని చంపినను దిక్కు లేదా యని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడుగగా, అత్యవసర పరిస్థితి యున్నంతకాలము లేదని అటార్నీ జనరల్ నిరేన్ డే బదులిచ్చెను. 1976 ఏప్రిల్ 28న నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వపక్షము వహించిరి. నిర్బంధితులయెడ ప్రభుత్వపు శ్రద్ధ దాదాపు మాతృసహజమని జస్టిస్ బేగ్ వ్రాసిరి; ఆ తల్లి ప్రేమ బిడ్డను గడప దాటనీయనిది. ఒంటరిగా విభేదించిన ఖన్నాను 1977లో కాదని బేగ్‌నే ప్రధాన న్యాయమూర్తిని చేయగా, ఖన్నా రాజీనామా నిచ్చిరి. నలుగురిలో నొకరైన వై.వి. చంద్రచూడ్ తీర్పును నలుబది యేండ్లు దాటిన పిదప 2017లో తొమ్మండుగురి ధర్మాసనమున ఆయన కుమారుడే తప్పని వ్రాసెను. ఆ ధర్మాసనమున కృష్ణాజిల్లావాడైన జాస్తి చలమేశ్వరును ఉండిరి.

తెలుగునాట 1986లో దొంగసారా వ్యాపారులు, గూండాలు, భూకబ్జాదారులు మున్నగువారికై వచ్చిన శాసనము రెండు రాష్ట్రములందును నిలిచియున్నది. శాంతిభద్రతలు పెద్ద వలయము, ప్రజాజీవన వ్యవస్థ దానిలోని చిన్న వలయము, రాజ్యభద్రత అన్నిటికంటె చిన్నది యని 1965లో రామ్ మనోహర్ లోహియా వ్యాజ్యమున సుప్రీంకోర్టు న్యాయమూర్తి హిదయతుల్లా చేసిన విభజనమునే ఆధారముగా గొని, 2023లో సుప్రీంకోర్టు తెలంగాణలో ఆ శాసనము క్రింద వెలువడిన ఒక నిర్బంధపుటుత్తరువును కొట్టివేసెను. ఇక నిర్బంధములను పరిశీలించు సలహామండలి సమ్మతి లేక నిర్బంధింపదగిన కాలమును మూడు మాసములనుండి రెండింటికి తగ్గించుచు 1978లో పార్లమెంటు ఆమోదించిన 44వ రాజ్యాంగ సవరణములోని ఆ భాగమును అమలుపరచు ప్రకటనను ఏ ప్రభుత్వమును వెలువరింపలేదు.