కొసరు నుంచి పాయింటు దాకా



ఈవేళ మనం చెప్పుకోబోయే విషయం పైకి చూస్తే చాలా చిన్నది. వందకు రూపాయి లెక్క. కాని ఇల్లు నడిపేవాళ్ళకు చిన్న లెక్కలంటూ ఉండవని మీకు నేను చెప్పనక్కర్లేదు.

మొన్న సంక్రాంతికి ముందు పొదిలి వెళ్ళాను. అక్కడ మా మేనత్త ఉంది. డెబ్భై దాటినా సరుకుల చీటీ ఇప్పటికీ ఆవిడ చేతిరాతే. ఊళ్ళో ఒక సూపర్ మార్కెట్ వెలిసిన దగ్గర్నుంచీ నెలసరుకులు అక్కడే. వంద రూపాయలకు కొంటే ఒక పాయింటు, ఒక పాయింటుకు ఒక రూపాయి అన్నారట. నెలకు ఎనిమిది వేల సరుకులు, ఎనిమిది నెలలు. 640 పాయింట్లు పోగయ్యాయి. వాటితో పండక్కి మూతలున్న స్టీలు డబ్బాలు తీసుకుందామని ఆవిడ ఆశ. తీరా బిల్లు దగ్గరికి వెళితే అక్కడి కుర్రాడు, “పెద్దమ్మా, ఒకటో తారీఖు నుంచి రూలు మారింది. ఇప్పుడు పాయింటుకి అర్ధ రూపాయే. మీ ఫోనుకి మెసేజీ పెట్టాంగా!” అన్నాడు. మెసేజీ వచ్చిన మాట నిజమే. ఇంగ్లీషులో వచ్చింది.

అత్తయ్య ఇంటికొచ్చి సంచీ కింద పెట్టి, “ఇదేందే అమ్మాయ్! నా లెక్క నన్నడక్కుండా వాళ్ళెట్లా మారుస్తారు?” అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే ఈ ప్రశ్న మా అత్తయ్య ఒక్కతిదే కాదనీ, దీనికి వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉందనీ తెలిసింది. అదే మీకు చెబుతాను.

మన వైపు ఈ పాయింటుకు పూర్వీకురాలు ఒకటుంది. దాని పేరు కొసరు. కూరగాయలు తూచాక పైన వేసే నాలుగు మిరపకాయలు, గుప్పెడు కరివేపాకు, బియ్యం కొలిచాక పోసే పిడికెడు గింజలు, కొట్టుకు వెంటవచ్చిన పిల్లవాడి చేతిలో పెట్టే బెల్లం ముక్క, ఇవన్నీ కొసరే. వాడుకగా వచ్చే ఇల్లాలిని నిలుపుకోవడానికి శెట్టిగారు చేసే మర్యాద అది. దానికి కార్డు లేదు, గడువు లేదు. కొన్నరోజే కొంగులో పడుతుంది. పడకపోతే అక్కడే నిలబడి, “కొసరేదీ?” అని అడగొచ్చు. పక్కింటావిడ ముందే అడగొచ్చు. అడిగితే వేయకపోవడం కొట్టుకే నామర్దా.

అయితే ఆ కొసరూ మారకుండా ఉండలేదు. కుంచాలూ మానికలూ సోలలూ ఊరికొక తీరుగా ఉన్న కాలమది. ఇవాళ ఒకే సీమగా చెప్పుకునే ఈ పడమటి తాలూకాలే చూడండి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా పొదిలి, కనిగిరి, దర్శి నెల్లూరు జిల్లాలోవి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. ఆ కొత్త జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. అంతకుముందే 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలొచ్చాయి. అణాకు సరిగ్గా ఆరుంపావు పైసలు. ఆ పావు పైసా నాణెం లేదు కనుక ప్రతి చిల్లరలోనూ అది ఎవరిదో ఒకరిది పోవలసిందే. 1958 అక్టోబరులో కిలోల లెక్క మొదలై 1962 నాటికి వీశెలూ సేర్లూ అంగడి నుంచి తప్పుకున్నాయి. తూకం ఖచ్చితం కావడం మనకు మేలే. కాని మా నాయనమ్మ మాత్రం, “కాటా నిక్కచ్చి అయింది, కొసరు కరిగిపోయింది,” అనేది. ఎవరూ మోసం చేయలేదు. లెక్క మారినప్పుడు అలవాటుగా వచ్చేది ఊరికే జారిపోయింది, అంతే.

ఇక సముద్రం దాటి వెళదాం. ఎందుకంటే కొసరు మర్యాదగా కాక హక్కుగా మారింది అక్కడ.

ఇంగ్లండులో రాచ్‌డేల్ అని నేతపని వాళ్ళ పట్నం ఉంది. 1844 డిసెంబరు 21న అక్కడ టోడ్ లేన్ అనే వీధిలో 28 మంది సభ్యులతో ఒక చిన్న కొట్టు తెరిచారు. కల్తీ లేని పిండి, వెన్న, చక్కెర సరైన తూకానికి అమ్మడం వాళ్ళ ఉద్దేశం. లాభం వస్తే, ఎవరు ఎంత సరుకు కొన్నారో ఆ లెక్కన వాళ్ళకే పంచేవారు. వాటా ఎంత పెట్టావని కాదు, ఎంత కొన్నావని! అక్కడి ఇల్లాళ్ళు ఆ సొమ్ముతోనే పిల్లలకు జోళ్ళూ చలికోట్లూ కొనుక్కునేవారు. ఆ పద్ధతినే ఆదర్శంగా పెట్టుకుని 1904లో మన మద్రాసులో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ వెలిసింది. మన దేశంలో వినియోగదారుల సహకార భండారాలకు దారిచూపింది అదే.

ఈ కొట్లలో ముఖ్యమైన మాట ఒకటుంది. పంపకం మారాలంటే సభ్యుల సమావేశంలో పెట్టి మార్చాలి. మా అత్తయ్య అడిగిన ప్రశ్నకు అక్కడ జవాబుంది. “నన్నడక్కుండా మార్చరు.”

మూడో పద్ధతి అమెరికాలో పుట్టింది. 1891లో మిల్వాకీ నగరంలో షుస్టర్స్ అనే పెద్ద దుకాణం సరుకుతో పాటు చిన్న బిళ్ళలు ఇవ్వడం మొదలుపెట్టింది. 1896లో స్పెర్రీ, హచిన్సన్ అనే ఇద్దరు దీన్నే పెద్ద వ్యాపారం చేశారు. పది సెంట్ల సరుక్కి ఒక ఆకుపచ్చ స్టాంపు. ఇంటికి తెచ్చి తడిచేసి పుస్తకంలో అంటించాలి. పుస్తకం నిండాలంటే 1200 స్టాంపులు. నిండిన పుస్తకాలిచ్చి దీపమో, ఇస్త్రీపెట్టో, దుప్పటో తెచ్చుకోవచ్చు. 1960లలో అమెరికాలో ఈ స్టాంపులు లేని వంటిల్లు అరుదు.

మరి ఈ స్టాంపులకు డబ్బెవరిచ్చారు? దుకాణం వాళ్ళు స్టాంపుల కంపెనీ దగ్గర వాటిని కొనాలి. అమ్మకాల్లో సుమారు రెండు శాతం దానికే పోయేది. ఆ రెండు శాతం చివరికి ఏ సరుకు ధరలో చేరుతుందో మనబోటివాళ్ళకు విడమరిచి చెప్పాలా? 1966 అక్టోబరులో డెన్వర్ నగరపు ఇల్లాళ్ళు ఈ మాటే అడిగారు. ధరలు మండిపోతున్నాయి, మాకు మీ స్టాంపులూ లాటరీ ఆటలూ వద్దు, ధర తగ్గించండి అంటూ అట్టలు పట్టుకుని సూపర్ మార్కెట్ల ముందు నిలబడ్డారు. కొనడం మానేశారు. ఉద్యమం ఎన్నో నగరాలకు పాకింది. కొన్ని దుకాణాలు ధరలు తగ్గించాయి కూడా.

బ్రిటన్‌లో 1964లో స్టాంపుల మీద చట్టమే వచ్చింది. ప్రతి స్టాంపు మీదా దాని రొక్కం విలువ అచ్చువేయాలి, కోరితే రొక్కం ఇవ్వాలి. తర్వాత 1977లో టెస్కో అనే పెద్ద దుకాణాల సంస్థ గ్రీన్ షీల్డ్ స్టాంపులను ఒక్కసారిగా మానేసి, ఆ డబ్బుతో ధరలు తగ్గించింది. స్టాంపులు పోయాయని జనం మానేశారా? లేదు, ఇంకా ఎగబడ్డారు. ఇల్లాలికి కావలసింది బహుమతి కన్నా సరసమైన ధర అని అక్కడ తేలిపోయింది.

అదే టెస్కో 1995లో మళ్ళీ క్లబ్ కార్డు పెట్టింది. ఈసారి ఎందుకంటే, స్టాంపు పుస్తకం మనం ఏం కొన్నామో చెప్పలేదు, కార్డు చెబుతుంది. ఏ ఇంట్లో చంటిబిడ్డ ఉంది, ఎవరు నెయ్యి మానేసి నూనె కొంటున్నారు, అన్నీ దుకాణానికి తెలిసిపోతాయి. అంటే పాయింటు మనకు ఊరికే రావడం లేదు. మన ఇంటి సమాచారం దాని ఖరీదు.

మన దేశంలో 1994లో షాపర్స్ స్టాప్ సంస్థ ఫస్ట్ సిటిజన్ పేరుతో ఇలాంటి పథకం పెట్టింది. 2006లో హైదరాబాదులో రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు తెరిచారు. అదే ఏడు ఐ-మింట్ అనే పథకం వచ్చింది. పలు సంస్థల్లో పెట్టిన ఖర్చుకు ఒకేచోట పాయింట్లు. కొన్నేళ్ళకు అది పేబ్యాక్ అయింది. 2021లో భారత్‌పే సంస్థ కొన్నాక పేరు జిలియన్‌గా మారింది. కార్డు మన పర్సులోనే ఉంది, యజమానులు మాత్రం మారుతూ వచ్చారు.

అసలు రూలు ఎందుకు మారుస్తారు? ఇక్కడొక కిటుకుంది. మనం వాడుకోని పాయింట్లన్నీ కంపెనీ పద్దులో అప్పు కింద రాసుకోవాలి. ఎప్పుడో ఒకనాడు తీర్చవలసిన బాకీ కదా! పాయింటు విలువ తగ్గిస్తే, లేక గడువు పెడితే, ఆ బాకీ కలంపోటుతో తగ్గిపోతుంది. మనం పండక్కని దాచుకున్నకొద్దీ వాళ్ళకు బరువు పెరుగుతుంది. కాబట్టి ఎక్కువ దెబ్బ తగిలేది ఖర్చుపెట్టినవాళ్ళకు కాదు, పొదుపుగా దాచుకున్నవాళ్ళకు.

అలా మార్చినప్పుడు జనం ఏం చేశారో కూడా చూడండి. 2015 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో సెయిన్స్‌బరీస్ దుకాణాలు నెక్టార్ పాయింట్లను పౌనుకు రెండు నుంచి ఒకటికి తగ్గించాయి. గొణుక్కున్నారు, ఊరుకున్నారు. అది అలాగే సాగింది. 2018 జనవరిలో టెస్కో, ముందుమాట లేకుండా, కొన్ని చోట్ల నాలుగింతలు పలికే క్లబ్ కార్డు వోచర్లను మూడింతలకు దించింది. ఈసారి జనం ఊరుకోలేదు. దాచుకున్నవి వాడుకోనివ్వరా అని దుమ్మెత్తిపోశారు. కంపెనీ దిగివచ్చి మార్పును జూన్ 10 దాకా వాయిదా వేసింది.

అన్నిటికన్నా పెద్ద గెలుపు కెనడాది. అక్కడ ఎయిర్ మైల్స్ అనే పథకం అప్పట్లో చాలా ఇళ్ళలో ఉండేది. అయిదేళ్ళు దాటిన పాయింట్లు 2016 డిసెంబరు 31తో చెల్లవన్నారు. ఏళ్ళ తరబడి దాచుకున్నవాళ్ళు గగ్గోలు పెట్టారు. ఆంటారియో రాష్ట్ర శాసనసభలో, కేవలం కాలం గడిచిందన్న కారణంతో పాయింట్లు రద్దు చేయరాదని బిల్లు వచ్చింది. దాంతో డిసెంబరు మొదట్లోనే కంపెనీ గడువు ఎత్తేసింది. ఆ నెలలోనే బిల్లు చట్టమైంది కూడా. ఆ రాష్ట్రంలో మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ళకూ ఆ చట్టం వర్తిస్తుంది.

మన దేశంలో పాయింట్ల కోసమే ప్రత్యేకంగా అలాంటి చట్టం లేదు. కాని మనం బొత్తిగా దిక్కులేనివాళ్ళం కాము. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జూలై నుంచి అమల్లో ఉంది. కొనేవారికి నష్టం కలిగించే ఏకపక్షపు షరతులను ప్రశ్నించే వీలు అందులో ఉంది. 1915 అనే నంబరుకు ఫోను చేస్తే మన గోడు నమోదు చేసుకుంటారు. జిల్లా కమిషన్‌లో, చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపయితే ఫీజు కూడా ఉండదు. ప్రకాశం జిల్లా కమిషన్ ఒంగోలులో ఉంది. మూడువందల ఇరవై రూపాయల కోసం ఒంగోలు దాకా పోతామా అంటారా? పోనక్కర్లేదు. పోగలమని తెలిస్తే చాలు.

మా అత్తయ్య అదే చేసింది. పక్కిళ్ళ వాళ్ళు ముగ్గుర్ని వెంటబెట్టుకుని, పాత బిల్లులన్నీ పట్టుకుని మర్నాడు మళ్ళీ వెళ్ళింది. మేనేజరుతో గొడవపడలేదు. “నాయనా, ఒకటో తారీఖు తర్వాత కొన్నదానికి నీ కొత్త లెక్క వేసుకో. ముందు కొన్నదానికి నువ్వు చెప్పిన మాటేంది?” అని ఒక్క ప్రశ్న అడిగింది. అతను ఎవరికో ఫోను చేశాడు. చివరికి ఆ నలుగురికీ పాత విలువే కట్టాడు. డబ్బాలు ఇంటికొచ్చాయి. కాని అడగనివాళ్ళకు మాత్రం కొత్త లెక్కే. ఆ వీధిలో ఎంతమంది పాయింట్లు అలా సగమయ్యాయో మరి!

అందుకని మీకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. పాయింట్లను బ్యాంకు పొదుపులా దాచకండి. వచ్చిన నెలలోనే వాడేయండి. గడువెప్పుడో, విలువెంతో బిల్లు మీద చూడండి. లేకపోతే అడిగి రాయించుకోండి. దుకాణం ఎంచుకునేటప్పుడు పాయింటును సున్నాగా లెక్కవేసుకుని ధర పోల్చండి. వందకు ఒక పాయింటంటే వందకు రూపాయి. అదే కిలో 150 రూపాయల కందిపప్పు మీద మరో అయిదు రూపాయలు ఎక్కువ తీసుకుంటే మీకు వచ్చింది రూపాయిన్నర, పోయింది అయిదు. ఇక రూలు మారితే ఒంటరిగా ఊరుకోకండి. నలుగురు కలిసి వెళ్ళండి.

మార్కాపురం పలక మీద మనం ఎంత గుండ్రంగా రాసినా, తుడిచే గుడ్డ ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి. కొసరును కొంగులో పట్టుకున్న మన నాయనమ్మలకు ఆ సంగతి తెలుసు. మనమూ మరిచిపోవద్దు.