దోస్త్ వెళ్లిపోయాడు, బాబా వచ్చాడు

దెయ్యం సినిమాల తారీఖ్ రాసేవాళ్లు ఎక్కువగా దెయ్యం గురించే రాస్తారు. నేను దోస్త్ గురించి రాస్తున్నాను. మన దక్షిణాది భాషలన్నీ తిరిగిన భూత్ కథ ఒకటుంది. దాని అసలు బలం దోస్తీ. సీక్వెల్స్ వచ్చేకొద్దీ ఆ దోస్త్ ఏమయ్యాడో చూస్తే మన ఇళ్ల హాలత్ కూడా కొంత అర్థమవుతుంది.

1993లో మలయాళంలో ‘మణిచిత్రతాళ్’ వచ్చింది. రచన మధు ముట్టం, డైరెక్షన్ ఫాజిల్. నకులన్, గంగ అనే మియాబీవీ ఖాందానీ హవేలీకి వస్తారు. ఏళ్లుగా మూసి ఉన్న గదిని గంగ తెరిపిస్తుంది. ఆ తర్వాత ఇంట్లో అన్నీ వింతలే. ఎప్పుడో చనిపోయిన నాగవల్లి అనే నర్తకి రూహ్ తిరుగుతోందని అందరూ వణికిపోతారు. అప్పుడు నకులన్ పరదేశంలో ఉన్న తన దోస్త్ డాక్టర్ సన్నీని పిలిపిస్తాడు. సన్నీ మానసిక వైద్యుడు. గంగను పట్టుకున్నది రూహ్ కాదు, మర్జ్ అని ఆయన కనిపెడతాడు.

సన్నీ పెద్దవాళ్ల నమ్మకాన్ని గేలి చేయడు. తాంత్రికుడిని కూడా కలుపుకొని, గంగ ఇలాజ్ కోసం ఒక నాటకం ఆడతాడు. ఆమెను కొట్టరు, కట్టేయరు. చివరికి ఆమె కోలుకుంటుంది. గంగగా నటించిన శోభనకు జాతీయ అవార్డు వచ్చింది.

ఈ కథే 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’ అయింది. పేరులోనే దోస్తీ ఉంది. మన సౌందర్య ఆ సినిమా రిలీజ్ కాకముందే, ఆ ఏడాది ఏప్రిల్ 17న బెంగళూరు విమాన ప్రమాదంలో ఇంతిఖాల్ అయ్యారు. 2005లో పి. వాసు దీన్నే రజనీకాంత్‌తో ‘చంద్రముఖి’గా తీశారు. తెలుగు డబ్బింగ్ మన జిల్లాలో కూడా ఊరూరా చూశారు. 2007లో హిందీలో ప్రియదర్శన్ ‘భూల్ భులయ్యా’ తీశారు. నాలుగు భాషల్లోనూ జవాబు ఒక్కటే: అది భూత్ కాదు, బీమారీ. దోస్త్ వచ్చాడు, ఇలాజ్ జరిగింది.

తర్వాత సీక్వెల్స్ మొదలయ్యాయి. 2010 డిసెంబర్‌లో తెలుగులో వెంకటేశ్, అనుష్కలతో ‘నాగవల్లి’ వచ్చింది. నర్తకి చిత్రపటం ఒక కొత్త ఇంటికి చేరుతుంది, ఆ ఇంట్లో భయం మొదలవుతుంది. డాక్టర్ ఇందులోనూ ఉన్నాడు. కానీ ఆయన ఆ ఇంటి దోస్త్ కాదు. కబురు పెడితే వచ్చిన డాక్టర్.

2022లో అనీస్ బజ్మీ తీసిన ‘భూల్ భులయ్యా 2’కి వచ్చేసరికి కథే తలకిందులైంది. హైదరాబాద్ బేటీ టబు అందులో అక్కాచెల్లెళ్లుగా రెండు పాత్రలు వేశారు. ఇందులో భూత్ నిజంగానే ఉంది. హీరో డాక్టర్ కాదు, రూహ్‌లతో మాట్లాడతానని చెప్పుకునే నకిలీ ‘రూహ్ బాబా’. 1993లో మానసిక వైద్యుడు కూర్చున్న కుర్సీలో 2022లో బాబా కూర్చున్నాడు. జనం నవ్వారు, సినిమా బాగా ఆడింది. వినోదాన్ని నేను తప్పుపట్టను. ముప్పై ఏళ్లలో ఒక కథ ఎటు నడిచిందో మాత్రం చెబుతున్నాను.

ఎందుకంటే ఇటు బాల్కొండ, ఆర్మూర్, బోధన్ ఇళ్లలో ‘అసర్ అయింది’, ‘సాయా పడింది’ అనే మాటలు నేటికీ వింటాం. ఆడపిల్ల నిద్రపోకపోతే, తనలో తాను మాట్లాడుకుంటే ముందు గుర్తొచ్చేది ఆమిల్, తావీజ్. జుమేరాత్ నాడు బడా పహాడ్ ప్రయాణం. జిన్నాత్ ఉన్నాయని మన ఈమాన్. అయితే ప్రతి బీమారీ జిన్నాతే అని దీన్ ఎక్కడా చెప్పలేదు. ప్రతి మర్జ్‌కూ ఇలాజ్ ఉందని, దవా చేయించుకోవాలని మన రసూల్ (స.అ.స.) తాలీమ్. పదో శతాబ్దంలోనే అబూ జైద్ అల్ బల్ఖీ శరీరం, మనసు రెండింటి సేహత్ మీదా కితాబ్ రాశారు. అందులో ఖౌఫ్ గురించి, గమ్ గురించి విడివిడిగా రాశారు.

దోస్త్ రాకపోతే ఏమవుతుందో ఎర్వాడి చూపించింది. తమిళనాడులోని ఆ దర్గా ఊళ్లో, ప్రైవేటుగా నడిచిన ఒక షెల్టర్‌లో 2001 ఆగస్టు 6న మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పారిపోలేక చనిపోయారు. వాళ్లందరికీ ఇళ్లున్నాయి, ఖాందాన్‌లున్నాయి. ఈ రోజు 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగిని గొలుసుతో కట్టడం నేరం.

2024 ఏప్రిల్ 11న, సరిగ్గా మన ఈద్ రోజే, అంజలి నటించిన ‘గీతాంజలి మళ్లీ వచ్చింది’ రిలీజైంది. 2014 నాటి ‘గీతాంజలి’కి అది సీక్వెల్. సినిమా తీయడానికి దోస్తుల గుంపు ఊటీలోని పాడుబడ్డ మహల్‌కు వెళ్తుంది. దెయ్యాలు అందులోనూ నిజమే. కథ మామూలే. కానీ ఒక్క సంగతి బాగుంది: భయపడ్డా అందరూ కలిసే లోపలికి వెళ్తారు.

మన తారీఖ్‌లో దీనికంటే పెద్ద మిసాల్ ఉంది. 622లో హిజ్రత్ వేళ, ఘారె సౌర్ బయట దుష్మన్ల అడుగుల చప్పుడు వినిపిస్తుంటే, లోపల ఇద్దరు సాథీలు ఉన్నారు. హజ్రత్ అబూబక్ర్ (ర.జి.) కలవరపడితే రసూల్ (స.అ.స.) ‘నీకెందుకు ఖౌఫ్’ అని గద్దించలేదు. అల్లాహ్ మనతో ఉన్నాడని తసల్లీ ఇచ్చారు.

మన ఇంట్లో ఒక బేటీకో బేటాకో మనసు బాగాలేకపోతే దువా చేయండి, దమ్ చేయించండి. దానితోపాటు చెయ్యి పట్టుకుని నిజామాబాద్ సర్కారీ దవాఖానాకు తీసుకెళ్లండి. వెళ్లడానికి జంకైతే ముందు 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ఆ సర్కారీ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. 2022 నుంచి నడుస్తోంది. బాబాలు పిలవకుండానే దొరుకుతారు. దోస్త్ మాత్రం మనమే కావాలి.